రాజోలు దగ్గర పాత మండువా ఇల్లు: లైట్లు, ఫ్యాన్లు ఫోనుతో నడపాలంటే ఏది ముందు?

లంకగాలి | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండి. మా ఇల్లు రాజోలు దగ్గర పల్లెటూళ్ళో ఉంది. తాతగారు కట్టించిన మండువా లోగిలి. గోడలు మూరెడు మందం, పైన పెంకు. వెనక రెండు గదులు మాత్రం తర్వాత స్లాబు వేసి కలిపారు. ఇప్పుడు అక్కడ అమ్మ, నాన్నగారు, నానమ్మ ముగ్గురే ఉంటున్నారు. నేను హైదరాబాదులో, తమ్ముడు కువైట్లో.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అర్ధరాత్రి చలేస్తే ఫ్యాను తగ్గించడానికి మంచం దిగి రెగ్యులేటర్ దాకా నడవాలి. నానమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి పెరట్లో బాత్రూముకి వెళ్తుంది. ఆ దారి లైటు స్విచ్ వంటింటి లోపల ఉంది, దానికోసం వెనక్కి తిరిగేదేంటని చీకట్లోనే వెళ్ళిపోతుంది. వానాకాలంలో మా పెరట్లో కట్లపాము కనపడని ఏడాది లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ అదే.

తమ్ముడు వైఫై స్విచ్‌లు కొని పంపిస్తానంటున్నాడు. ఇంత పాత వైరింగులో అవి పనిచేస్తాయా? ఫ్యాను స్పీడు కూడా మార్చుకోవచ్చా, లేక ఆన్, ఆఫ్ వరకేనా? నెట్ పోయినా, కరెంటు పోయి వచ్చినా పరిస్థితి ఏంటి? మా ఇంట్లో స్మార్ట్ ఫోను వాడేది అమ్మ ఒక్కతే, అదీ వీడియో కాల్ వరకే.

భీమవరం బోర్డు | శనివారం, రాత్రి 9:05

నేను ఇంటి వైరింగు పనులు చేస్తానండి. స్విచ్‌లు కొనే ముందు నాలుగు సంగతులు చెప్పండి. వైరింగు చెక్క బద్దీల మీద ఉందా, గోడలో పైపు వేసి ఉందా? మెయిను దగ్గర పింగాణీ ఫీజు కట్టలున్నాయా, ఎంసీబీలున్నాయా (ఎక్కువ కరెంటు లాగితే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు)? ఎర్తు ఉందా, ఉంటే ఆ గుంతలో ఆఖరుసారి నీళ్ళు పోసిందెప్పుడు? ఇన్వర్టర్ ఉందా?

వీలైతే నాన్నగారి చేత కాదు, తెలిసిన కరెంటు పనివాడి చేత హాలు బోర్డు విప్పించి ఫొటో తీయించండి. మెయిను ఆపి.

కాకినాడ కోడ్ | శనివారం, రాత్రి 9:31

చాలా మంచి ప్రాజెక్టు అన్నా! అన్నీ అవుతాయి. పాత రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) గానీ, మూలన పడేసిన లాప్‌టాప్ గానీ ఉంటే దాంట్లో హోమ్ అసిస్టెంట్ వేసుకో. 2013 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. వైఫై అయినా, జిగ్బీ (ఇలాంటి సరుకు కోసం ఉన్న ఇంకో వైర్‌లెస్ పద్ధతి) అయినా చాలా కంపెనీల సరుకు ఒకే తెరమీదకి తెచ్చుకోవచ్చు. పని మొత్తం ఇంట్లోని పెట్టెలోనే జరుగుతుంది కాబట్టి నెట్ పోయినా లైటు ఆగదు.

వైఫై మాడ్యూళ్ళు, అంటే స్విచ్ వెనక దాచి ఫోనుతో నడిపే చిన్న పెట్టెలు, దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్‌జ్ మీదే పనిచేస్తాయి. మూరెడు గోడల మండువాలో ఒక్క రూటర్‌తో వెనక గదులకి సిగ్నల్ అందడం కష్టం. అక్కడ జిగ్బీ మేలు. న్యూట్రల్ కూడా కలిపి కరెంటు లైనులో ఉన్న జిగ్బీ స్విచ్ సాధారణంగా పక్కదానికి కబురు అందిస్తుంది, అలా గది నుంచి గదికి పాకుతుంది.

అమలాపురం కోడలు | శనివారం, రాత్రి 10:12

తమ్ముడూ, టెక్నాలజీ సంగతి మీరందరూ చెప్తారు. ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి ఉండేదాన్ని కాబట్టి ఆ వైపు నేను చెప్తాను.

మా ఇల్లు కట్టినప్పుడు బిల్డరే అద్దం పలకల టచ్ స్విచ్‌లు పెట్టించాడు. చూడ్డానికి బాగుంటాయి. మా అత్తయ్యగారికి చూపు తక్కువ. మామూలు స్విచ్ అయితే గోడ తడుముకుంటూ వెళ్ళి, వేలికి తగలగానే కిందికి నొక్కేవారు. నున్నటి అద్దం మీద ఏది లైటో ఏది ఫ్యానో వేలికి ఏం తెలుస్తుంది? వెతుకుతూ చెయ్యి ఆనిస్తే మూడు లైట్లు వెలిగి, నడిచే ఫ్యాను ఆగిపోయేది. వంటింట్లో తడి చేత్తో ముట్టుకుంటే ఒకోసారి పలికేవి కాదు. ఆ తర్వాత ఆ కంపెనీ తన సర్వర్ ఆపేసింది. ఫోన్లో యాప్ తెరుచుకోవడమే మానేసింది. గోడమీద టచ్ మాత్రం పనిచేస్తోంది. ఆ పలకలన్నీ తీయించి మామూలు స్విచ్‌లు పెట్టించాం. వాటి వెనక చిన్న మాడ్యూళ్ళు దాచాం. ఇప్పుడు అత్తయ్యగారికి ఆవిడ స్విచ్ ఆవిడకి ఉంది, మా పిల్లల ఫోను పిల్లలకి ఉంది.

నానమ్మగారి చేతికి అలవాటైన స్విచ్ అక్కడే, అలాగే పనిచెయ్యాలి. అది కుదిరాకే మిగతావన్నీ ఆలోచించండి.

లంకగాలి | ఆదివారం, మధ్యాహ్నం 1:20

అక్కా, మీరు చెప్పింది మనసులో పెట్టుకున్నాను. మా నానమ్మదీ అదే పరిస్థితి.

ఊళ్ళో ఎలక్ట్రీషియన్ వచ్చి హాలు బోర్డు విప్పాడండి. వీడియో కాల్లో నేనూ చూశాను. చెక్క పెట్టె, పైన సన్‌మైకా పలక, నల్ల పియానో స్విచ్‌లు. లోపల వైర్లన్నీ ఒకే రంగుకి తిరిగిపోయాయి, ఏది ఎరుపో ఏది నలుపో పోల్చుకోలేం. రెండు చోట్ల రాగి పచ్చబడి పొడి రాలుతోంది. ఒక మూల ఎండిపోయిన బల్లి, దాని చుట్టూ చీమల మట్టి. ఫ్యానుకి గుండ్రటి తిప్పుడు మూతతో పెద్ద పాత రెగ్యులేటర్, కాసేపు నడిస్తే పెట్టె కాలిపోతుంది.

పాత భాగమంతా చెక్క బద్దీల మీదే. స్లాబు గదుల్లో పైపు వేసి ఉంది. మెయిను దగ్గర పింగాణీ ఫీజులు. ఎర్తు గుంత ఉందట గానీ దానిమీద అమ్మ బంతి మొక్కలు వేసింది. ఇన్వర్టర్ ఉంది.

భీమవరం బోర్డు | ఆదివారం, సాయంత్రం 4:48

ఇప్పుడు విషయం తేలిందండి. ఆ పచ్చపొడి సముద్రపు గాలి పని. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఏ ఇల్లు విప్పినా కనిపిస్తుంది. అలాంటి కొసకి మాడ్యూల్ బిగిస్తే జాయింటు వేడెక్కుతుంది. చెక్కపెట్టెలో వేడెక్కే జాయింటు అంటే నేను ఒప్పుకోను. పాత భాగం వైరింగు మార్చాల్సిందే. లైట్లకి 1.5, సాకెట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఫేజుకి (కరెంటు తెచ్చే తీగ) ఎరుపు, న్యూట్రల్‌కి (తిరిగి పోయే తీగ) నలుపు, ఎర్తుకి ఆకుపచ్చ, ఎక్కడా రంగు మార్చకూడదు. మండువా దూలాలు చెడగొట్టకుండా గోడ అంచున పీవీసీ పైపు తిప్పించుకోండి.

ఇక న్యూట్రల్ సంగతి. స్విచ్‌కి ఫేజు వస్తుంది, అక్కణ్ణించి బల్బుకి పోతుంది. న్యూట్రల్ తిన్నగా బల్బు దగ్గరికే పోతుంది, స్విచ్‌తో దానికి పని లేదు. కానీ ఈ మాడ్యూల్ లోపల ఎప్పుడూ మేలుకొని ఉండే చిన్న బుర్ర ఉంటుంది. లైటు ఆపినా దానికి కరెంటు అందుతూనే ఉండాలి, అందుకని దానికి న్యూట్రల్ కావాలి. మన ఇళ్ళల్లో ఒక సుళువు ఉంది. బోర్డులో మూడు బెజ్జాల సాకెట్ ఉంటే అక్కడికి న్యూట్రల్ ఎలాగూ వచ్చి ఉంటుంది. ఇబ్బంది ఒంటి స్విచ్ బోర్డులతోనూ, మంచం పక్కన, మెట్ల దగ్గర ఉండే టూ వే స్విచ్‌లతోనూ. మీరెలాగూ కొత్త వైరు లాగిస్తున్నారు కాబట్టి ప్రతి బోర్డుకీ ఒక న్యూట్రల్ అదనంగా లాగించేయండి.

కొంతమంది పనివాళ్ళు న్యూట్రల్ లేదని ఎర్తు వైరు తెచ్చి మాడ్యూల్‌కి న్యూట్రల్‌గా కలిపేస్తారు. మాడ్యూల్ వెలుగుతుంది, పని అయిపోయిందంటారు. ఆ గుంత ఎండిందా, ఎక్కడో తీగ ఊడిందా, ఫ్రిజ్ తలుపు మీద, గీజరు మీద కరెంటు కూర్చుంటుంది. మా దగ్గర ఎవరైనా ఆ పని చేస్తే మళ్ళీ పనికి పిలవను. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే లైను ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎర్తుని న్యూట్రల్‌గా వాడితే అది పడిపోయి పట్టించొచ్చు, మనిషికి షాకు కొట్టినా పడిపోతుంది.

అమ్మగారి బంతి మొక్కలు పక్కకి జరపండి. మన డెల్టాలో తేమ ఎక్కువ కాబట్టి ఎర్తు బాగానే అందుతుంది, కానీ అదే తేమకి పైపూ పట్టీ తినేసి ఉంటాయి. తవ్వి చూడాలి.

పాలకొల్లు చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 7:55

వోల్టేజీ గురించి కూడా ఆలోచించండి. మా వైపు రాత్రయితే చెరువుల్లో ఏరేటర్లన్నీ (నీటికి గాలి పట్టించే మోటార్లు) ఒకేసారి తిరుగుతాయి. ఆ టైములో ఇంట్లో ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక ఒక్కసారి పుంజుకుంటుంది. గాలివాన వస్తే ఇంకో బాధ. లైను మీద న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 దాకా వస్తుంది. మా వీధిలో ఒకసారి అలా జరిగి టీవీలు, చార్జర్లు వరసగా పోయాయి. పాత ఫ్యాన్లు, మామూలు స్విచ్‌లు బతికాయి.

ఎలక్ట్రానిక్స్ గోడల్లో పెట్టే ముందు మెయిను దగ్గర ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఒకటి పెట్టించండి.

భీమవరం బోర్డు | ఆదివారం, రాత్రి 8:20

ఆయ్, అది తప్పదు. దానికి తోడు పిడుగుల కోసం సర్జ్ అరెస్టర్ కూడా. ఈ రెండూ వేరువేరు. న్యూట్రల్ తెగి నిలకడగా వచ్చే ఎక్కువ వోల్టేజీని కటాఫ్ ఆపుతుంది, పిడుగుకి రెప్పపాటులో వచ్చే పోటుని అరెస్టర్ ఎర్తులోకి దింపుతుంది. ఎర్తు బాగా లేకపోతే అరెస్టర్ ఉన్నా లేనట్టే.

ముమ్మిడివరం మాస్టారు | ఆదివారం, రాత్రి 9:10

ఫ్యాన్ల సంగతి ఇంకా ఎవరూ విప్పలేదు. ఫిజిక్సు చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నాన్నగారి గదిలో పెట్టె కాలిపోయే రెగ్యులేటర్‌లో ఉన్నది తీగ చుట్టలు. స్పీడు తగ్గిస్తే మిగిలిన కరెంటు ఆ చుట్టల్లో వేడి కింద పోతుంది, మీటరు పెద్దగా తగ్గదు. దాని తర్వాత వచ్చినది మెట్లు లేకుండా నున్నగా తిరిగే డిమ్మర్ రకం. అది కరెంటు అలని ముక్కలుగా కోసి పంపుతుంది, అందుకే తక్కువ స్పీడులో ఫ్యాను గుయ్యిమంటుంది. ఇప్పుడు టకటకమని మెట్లు మెట్లుగా తిరిగేది కండెన్సర్ రకం. అది అలని కోయదు, వేడెక్కదు, ఫ్యాను మోత పెట్టదు. మామూలు ఫ్యాను స్పీడుని ఫోనుతో మార్చాలంటే లోపల కండెన్సర్లు ఉన్న ఫ్యాన్ కంట్రోలర్ మాడ్యూలే కొనాలి. లైటు డిమ్మర్‌ని ఫ్యానుకి పెట్టకూడదు.

కానీ నా సలహా వేరు. కొత్తగా ఖర్చు పెడుతున్నప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని డీసీ మోటారు ఉండేది) కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30 లోపు. రోజుకి 12 గంటలు తిరిగితే పాతది 0.9 యూనిట్, కొత్తది 0.36. ఒక్క ఫ్యాను మీద నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. చిన్న స్పీడులో అయితే ఐదారు వాట్లతోనే తిరుగుతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు కాబట్టి డబ్బా మీద నక్షత్రాలు చూసి పోల్చుకోవచ్చు. చెరువుగట్టు గారు చెప్పిన లో వోల్టేజీలో కూడా దీని స్పీడు పడిపోదు, లోపలి సర్క్యూటు సర్దుకుంటుంది.

అన్నిటికీ మించి దానితో రిమోట్ వస్తుంది. నాన్నగారి మంచం పక్కన తాడు కట్టి వేలాడదీస్తే ఆయన మోకాళ్ళ సమస్య వైఫై లేకుండానే తీరిపోతుంది.

కాకినాడ కోడ్ | ఆదివారం, రాత్రి 9:42

మాస్టారు, రిమోట్ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఒక్క జాగ్రత్త. బీఎల్‌డీసీ పెట్టాక గోడమీద రెగ్యులేటర్ తీసేయాలి, దానికి తిన్నగా పూర్తి కరెంటే వెళ్ళాలి. చాలామంది పాత రెగ్యులేటర్ ఉంచేసి ఫ్యాను కొట్టుకుంటోందని కంపెనీకి ఫోన్లు చేస్తారు.

ఫోనుతో కూడా నడపాలంటే వైఫై ఉన్న మోడలే తీసుకో అన్నా. మామూలు రిమోట్ ఫ్యాను కొని ఐఆర్ బ్లాస్టర్‌తో (రిమోట్ బదులు సిగ్నల్ కొట్టే చిన్న పెట్టె) నడిపించొచ్చు కానీ అది ఒక వైపు మాటే. బ్లాస్టర్ సిగ్నల్ పంపుతుంది, ఫ్యాను విన్నదో లేదో దానికి తెలియదు. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటన్ ఉన్న రిమోట్ అయితే ఇంకా గందరగోళం. ఆపాలని నొక్కితే ఆగి ఉన్న ఫ్యాను తిరగడం మొదలెడుతుంది.

కువైట్ గోదారోడు | సోమవారం, ఉదయం 11:15

అన్నయ్యా, నేనే. లింకు పంపావు కదా, మొత్తం చదివాను. వైరింగు ఖర్చు నేను పెట్టుకుంటాను, దాని గురించి ఆలోచించకు.

అందరికీ ఒక ప్రశ్న. ఇక్కడినుంచి నేను అమ్మావాళ్ళ ఫ్యాన్లు, లైట్లు చూసుకోవడం కుదురుతుందా? వాళ్ళు ఏసీ కొననివ్వరు, ఉన్న ఫ్యాను కూడా కరెంటు బిల్లని ఆపేసి పడుకుంటారు. మే నెల ఎండల్లో నాకిక్కడ నిద్ర పట్టదు. ఫ్యాను ఆగి ఉంటే ఇక్కణ్ణించే వేసేద్దామని.

అమలాపురం కోడలు | సోమవారం, మధ్యాహ్నం 2:30

నాయనా, నీ బాధ నాకు అర్థమవుతోంది. మా మరిది కూడా దేశం కాని దేశంలో ఉన్నాడు, మా అత్తయ్యగారి మీద బెంగ అంతా ఫోన్లోనే తీర్చుకుంటాడు. అయినా ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు. గదిలో పడుకున్న మనిషి ఆపిన ఫ్యానుని ఎక్కడో ఉన్నవాళ్ళు వేయకూడదు. అర్ధరాత్రి ఫ్యాను దానంతటదే తిరిగితే మీ నానమ్మ భయపడుతుంది. ఆవిడకి ఆ గదిలో పడుకోవాలంటేనే ఇష్టం పోతుంది. చూడు, తెలుసుకో, ఫోన్ చేసి అడుగు. వేసుకోవడం, ఆపుకోవడం వాళ్ళ చేతిలోనే ఉంచు.

బీఎల్‌డీసీ పెట్టాక ఆ 16 యూనిట్ల లెక్క మీ అమ్మకి చెప్పు. రాత్రంతా తిప్పినా పాత ఫ్యాను సగం రాత్రి తిరిగినంత కూడా కాదని తెలిస్తే ఆవిడే వేసుకుంటుంది.

కువైట్ గోదారోడు | సోమవారం, మధ్యాహ్నం 3:05

లేదక్కా, ఏమీ అనుకోలేదు. మీరు చెప్పిందే సరైంది. అయితే నాకు చూడ్డానికి మాత్రం కావాలి. గదిలో ఎంత వేడి ఉంది, పెరటి లైటు వెలిగిందా లేదా, అది చాలు.

కాకినాడ కోడ్ | సోమవారం, సాయంత్రం 6:18

అది చాలా సులువు బ్రో. గదికొక చిన్న సెన్సార్ పెడితే వేడి, తేమ రెండూ కనిపిస్తాయి. మన కోనసీమలో వేడి ఒక్కటే చూసి లాభం లేదు. 31 డిగ్రీలే అని చూపిస్తుంది, తేమ 80 శాతం ఉంటే చెమట ఆరదు, ఊపిరాడదు. రెండూ చూడాలి.

బయటినుంచి చూడ్డానికి రూటర్‌లో పోర్టు (బయటి నెట్ నుంచి ఇంట్లోకి దారి) తెరిచి పెట్టొద్దు, ఎవరైనా తలుపు తట్టొచ్చు. పైగా ఊళ్ళల్లో చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కి కనిపించే చిరునామా) ఉండదు, పోర్టు తెరిచినా పలకదు. వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (నెట్‌లో మన ఫోనుకీ ఇంటికీ మధ్య సొంత దారి) వేసుకుంటే కువైట్ నుంచి కూడా ఇంట్లో కూర్చున్నట్టే తెరుచుకుంటుంది. నీకు చూడ్డం వరకే కావాలంటే, సెన్సార్ల వరకే కనపడే తెర ఒకటి విడిగా చేసి ఆ లింకే నీ ఫోన్లో పెట్టుకో.

రెండు చిన్న సంగతులు. జిగ్బీ డాంగిల్‌ని (జిగ్బీ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ ముక్క) కంప్యూటర్ వెనక తిన్నగా గుచ్చకుండా యూఎస్‌బీ వైరుతో కాస్త దూరంగా పెట్టండి, యూఎస్‌బీ 3 పోర్టు పక్కనుంటే సిగ్నల్ చెడుతుంది. వైఫై ఛానల్ 1 మీద, జిగ్బీ 25 మీద పెడితే ఒకదానికొకటి అడ్డు రావు.

లంకగాలి | సోమవారం, రాత్రి 8:00

పెరటి లైటు సంగతి చెప్పండి. నాకు అదే ముఖ్యం. మనిషి వస్తే వెలిగే సెన్సార్లలో రెండు రకాలు కనిపిస్తున్నాయి, పీఐఆర్ ఒకటి, రాడార్ ఒకటి. ఏది తీసుకోను?

ముమ్మిడివరం మాస్టారు | సోమవారం, రాత్రి 8:50

పెరటికి పీఐఆర్. అది ఒంటి వేడి కదలడాన్ని పట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం గాలే ఒంటి వేడికి సమానంగా ఉంటే దానికి మనిషి ఆనడు, కానీ మీకు కావలసింది తెల్లవారుజాము కాబట్టి ఇబ్బంది లేదు. రాడార్ రకం చాలా సున్నితం. కదలకుండా కూర్చున్న మనిషినీ పట్టేస్తుంది కాబట్టి బాత్రూము లోపలికి బాగుంటుంది. గదిలో పెడితే తిరిగే ఫ్యాను రెక్కల్ని చూసి మనిషి ఉన్నాడనుకుంటుంది. పెరట్లో అరటాకు ఊగినా వెలుగుతుంది.

పీఐఆర్‌ని నానమ్మగారు నడిచే దారికి ఎదురుగా కాకుండా పక్కన పెట్టండి. ఎదురుగా వచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషిని అది తొందరగా పసిగడుతుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తు చాలు. ఆవిడ వంటింటి గుమ్మం దాటకముందే దారంతా వెలగాలి, కాబట్టి మొదటి సెన్సార్ గుమ్మం లోపలే ఉండాలి. కాలు బయట పెట్టాక వెలిగితే ఆలస్యమైనట్టే. ఆరిపోయే టైము కూడా ఎక్కువ పెట్టండి. బాత్రూములో ఉండగా దారి లైటు ఆరకూడదు.

తెల్ల లైటు కాకుండా పసుపు రంగు లైటు వేయండి. దానికి పురుగులు తక్కువ చేరతాయి. పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వస్తాయి కదా.

పాలకొల్లు చెరువుగట్టు | సోమవారం, రాత్రి 9:15

నానమ్మగారి సంగతి కాబట్టి, సెన్సార్ మీదే ఆధారపడకుండా గుమ్మం పక్కన ఒక మామూలు స్విచ్ కూడా పెట్టించండి. చెరువు గట్టు మీద నా షెడ్డులో సెన్సార్ ఉన్నా నేను చేత్తో వేసుకునే దిగుతాను.

బయటి పెట్టెకి వైరు పైనుంచి కాకుండా కిందినుంచి ఎక్కించండి, వాన నీరు వైరు వెంట లోపలికి జారదు. బెజ్జాలన్నీ ఎం సీల్‌తో మూసేయాలి. వెచ్చగా ఉండే పెట్టె దొరికితే బల్లి వదలదు.

లంకగాలి | మంగళవారం, రాత్రి 9:30

అన్నీ చదివి నాన్నగారితో, తమ్ముడితో మాట్లాడానండి. పాత భాగం వైరింగు, ఎర్తు, మెయిను ముందు. పాత ఇంట్లో మూడు ఫ్యాన్లూ బీఎల్‌డీసీకి మారుస్తున్నాం, రిమోట్లతో. మాడ్యూళ్ళు నాలుగు చోట్లే: వీధి వరండా, పెరటి దారి, హాలు లైటు, నాన్నగారి గది లైటు. వరండా లైటు సూర్యాస్తమయానికి వెలిగి తెల్లారితే ఆరేలా. గోడమీద స్విచ్‌లన్నీ ఉంటాయి.

మాడ్యూళ్ళు తమ్ముడు రెండు కంపెనీలవి కొన్నాడు, సోనాఫ్ మినీ రెండు, షెల్లీ రెండు. బిగించేటప్పుడు తేడా ఏమైనా ఉందా? ఇంకొకటి, మా ఇంట్లో స్విచ్ కిందికి ఉంటే ఆన్ అని నానమ్మకి లెక్క. ఫోనుతో ఆపితే ఆ లెక్క తప్పదా?

కాకినాడ కోడ్ | మంగళవారం, రాత్రి 10:05

పెద్ద తేడా ఉంది అన్నా, మీ ఎలక్ట్రీషియన్‌కి తప్పకుండా చూపించు. సోనాఫ్ మినీలో ఎస్1, ఎస్2 అని ఉన్న రెండు బెజ్జాలకి గోడ స్విచ్ తాలూకు రెండు కొసలు మాత్రమే కలపాలి, వాటికి ఫేజు తగలకూడదు. తగిలితే మాడ్యూల్ కాలిపోతుంది. షెల్లీలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ స్విచ్ ద్వారా ఫేజే వచ్చి ఎస్‌డబ్ల్యూ బెజ్జంలోకి వెళ్ళాలి. రెండూ ఒకే ఇంట్లో ఉంటే పొరపాటు పడటం ఖాయం కాబట్టి ఏ బోర్డులో ఏది ఉందో లోపల మూత మీద మార్కర్‌తో రాసి పెట్టించు. ఇప్పటికీ మార్చుకోవచ్చనుకుంటే నాలుగూ ఒకటే కంపెనీవి తీసుకో.

స్విచ్ లెక్క గురించి. షెల్లీ సెట్టింగ్‌లో రెండు పద్ధతులుంటాయి. ఒకదాంట్లో స్విచ్ కిందికి ఉంటే వెలుగుతుంది, పైకి ఉంటే ఆరుతుంది. రెండోదాంట్లో స్విచ్ ఎటు కదిపినా ఉన్న స్థితి మారుతుంది. మొదటిది పెడితే, ఫోనుతో ఆపాక నానమ్మ ఒకసారి పైకి, మళ్ళీ కిందికి నొక్కాలి. రెండోదయితే ఒక్క నొక్కుకే వెలుగుతుంది గానీ కింద, పైన లెక్క పోతుంది. ఆవిడ ఒక్కరే వాడే లైటుకి మొదటి పద్ధతి పెట్టి, దాన్ని ఫోనుతో ముట్టుకోకపోవడమే మంచిది. వరండాకి రెండోది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలన్న సెట్టింగ్ కూడా చూసుకో. వరండా, పెరటి దారికి పాత స్థితిలోకే వచ్చేలా, నాన్నగారి గదికి ఆఫ్‌లో ఉండేలా పెట్టు. లేకపోతే రాత్రి రెండింటికి కరెంటు రాగానే మొహం మీద లైటు పడుతుంది. ఒక్కో మాడ్యూల్ ఒక వాటు తిన్నా నాలుగూ కలిపి నెలకి మూడు యూనిట్లు దాటవు.

అమలాపురం కోడలు | మంగళవారం, రాత్రి 10:20

స్విచ్‌లు మార్చేటప్పుడు నానమ్మగారి స్విచ్ బోర్డులో ఇదివరకు ఎన్నో వరసలో ఉందో చూసుకుని అదే వరసలో, అదే ఎత్తులో పెట్టించండి. కొత్త మాడ్యులర్ స్విచ్‌లన్నీ వేలికి ఒకేలా ఉంటాయి. ఆవిడ లైటు స్విచ్ మీద ఒక చుక్క ఫెవిక్విక్ వేసి ఆరనిస్తే గట్టి బొడిపె అవుతుంది, చీకట్లో తడిమితే తెలుస్తుంది. మా ఇంట్లో అలాగే చేశాం.

లంకగాలి | మంగళవారం, రాత్రి 10:34

అక్కా, ఇది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. తప్పకుండా చేయిస్తాను. వచ్చే ఆదివారం పని మొదలవుతుంది. బోర్డు గారూ, పనివాడికి ఇంకేమైనా చెప్పాలా?

భీమవరం బోర్డు | బుధవారం, ఉదయం 6:50

మాడ్యూళ్ళని ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి, రూటర్ కూడా. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా అవి మొదటినుంచి లేచి వైఫై వెతుక్కుంటాయి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేయండి, మారేటప్పుడు తొట్రుపాటు తగ్గుతుంది. మీది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ సరుకు దానిమీద పెట్టొద్దు, సైన్ వేవ్‌ది తీసుకోండి. ఇన్వర్టర్ లైను న్యూట్రల్ ఎక్కడ కలుస్తుందో పనివాణ్ణి ముందే చూడమనండి. ఆర్‌సీసీబీ దాటాక దాని న్యూట్రల్ వేరే దారిలో కలిస్తే ఇంట్లో ఏ తప్పూ లేకుండానే మెయిను పడిపోతూ ఉంటుంది.

పని రోజున మీటరు దగ్గర మెయిను ఆపగానే చెయ్యి పెట్టేయకూడదు. మెయిను పోయిన మరుక్షణం ఇన్వర్టర్ అందుకుంటుంది, సగం బోర్డుల్లో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపి, దాని అవుట్‌పుట్ వైరు విప్పి, ప్రతి బోర్డులో టెస్టర్ కాకుండా రెండు తీగల టెస్ట్ లాంపు పెట్టి చూశాకే విప్పమనండి. మండువాలో బద్దీలు పీకేటప్పుడు నానమ్మగారిని స్లాబు గదిలో ఉంచండి, ఆ పాత పెంకు నుంచి దుమ్ము బాగా రాలుతుంది. మీ పనివాడికి ఏదైనా అనుమానం వస్తే ఇక్కడే రాయమనండి, పగలు పనిలో ఉన్నా భోజనాల వేళ చూస్తాను.